పలకల పెట్టెలో పెళ్లి గౌను

మార్కాపురంలో ఒక పలకల కార్ఖానాలో నేను రిటైరయ్యే దాకా ప్యాకింగ్ చూసుకున్నాను. రాతిపలక లారీలో ఎంత దూరం పోయినా పగలకుండా చేరాలంటే పెట్టె కట్టడం తెలియాలి. కొలిచి కోసిన చెక్క, అడుగున వరిగడ్డి, పక్కల వరిగడ్డి, మీద వరిగడ్డి, ఆ పైన మేకులు. చివరికి పెట్టెకు చెవి ఆనించి ఊపి చూడాలి. లోపల చప్పుడైతే మళ్లీ విప్పి కట్టాల్సిందే. ఏ రోజు ఏ ఊరికి పెట్టెలు పంపామో డైరీలో రాసేవాణ్ని. ఉద్యోగంతో పెట్టెలు ఆగిపోయాయి గానీ డైరీ ఆగలేదు.

మా మనవరాలు ఢిల్లీలో నర్సు. పెళ్లికొడుకు కూడా అదే ఆసుపత్రిలో పనిచేస్తాడు కాబట్టి పెళ్లి అక్కడి చర్చిలోనే కుదిరింది. ఆ పిల్ల మమ్మల్ని అడిగింది ఒకే ఒక్కటి. "అవ్వా, నీ పెళ్లి చీరతో నాకు గౌను కుట్టించవా?" అంది ఫోనులో. మా ఆవిడ కొమరోలు చర్చిలో ఆ తెల్ల పట్టుచీర కట్టుకునే నా పక్కన నిలబడింది. మళ్లీ దాన్ని కట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. టైలరమ్మ దానికి కత్తెర పెడుతుంటే మా ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. గౌను చక్కగా వచ్చింది. ఇక దాన్ని పెళ్లి వేళకు ఢిల్లీ చేర్చాలి. అది పోతే అట్లాంటిది ఏ దుకాణంలోనూ దొరకదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఈ విషయం మీద చర్చి అరుగు మీద సభ జరిగింది. అందులో ముఖ్యుడు మా బావమరిది. జీవితంలో ఒక్కసారి విమానం ఎక్కాడు. అప్పటి నుంచి మా పేటలో ఆకాశానికి సంబంధించిన ప్రశ్నలన్నీ ఆయన దగ్గరికే పోతాయి.

"బావా, కింద లగేజీలో మాత్రం వేయొద్దు. నా సూట్‌కేసు నాకంటే ముందు బొంబాయి పోయి, నేను దిగేసరికి కలకత్తా పోయినాది. చేతిలోనే పట్టుకో."

"చేతిలో పట్టుకుంటే నలగదా?" అన్నాను.

"దుప్పట్లో మూట కట్టుకొని నా ఒళ్లో పెట్టుకుంటాలే" అంది మా ఆవిడ.

అందరం నవ్వాం. విమానానికి మూటతో పోవడమేమిటని పాస్టరయ్యగారు కూడా నవ్వారు. తర్వాత గౌను కోసం ప్రార్థన చేశారు.

నేను దేన్నీ ఊహకు వదిలేవాణ్ని కాదు. మర్నాడు విమాన కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది. పెళ్లి గౌను చేతి సామానుగా పైకి తేవచ్చా అని అడిగాను. "కొలతలో, బరువులో ఉంటే ఏదైనా తేవచ్చు సార్" అంది. పొడవు యాభై అయిదు సెంటీమీటర్లు, వెడల్పు ముప్పై అయిదు, ఎత్తు ఇరవై అయిదు, బరువు ఏడు కిలోలు. ఆమె మాటను డైరీలో రాసుకుని కింద గీత గీశాను.

కొలత చేతికొచ్చాక నాకు తెలిసిన మార్గం ఒక్కటే. పాత కార్ఖానా వడ్రంగితో పలచటి చెక్కలు కోయించి, సరిగ్గా ఆ కొలతకు పెట్టె చేయించాను. గౌనును ఉతికిన తెల్లబట్టలో చుట్టి, చుట్టూ వరిగడ్డి కూరాను. గౌను ఉబ్బుగా నిలవడానికి టైలరమ్మ కింద వేసిన నెట్టు గుడ్డ ఎంత నొక్కినా పైకి లేస్తోంది. మా ఆవిడను మూత మీద కూర్చోమన్నాను.

"నా పెళ్లి చీర మీద నన్నే కూర్చోబెడతాండవే!" అంటూనే కూర్చుంది. నేను చుట్టూ మేకులు కొట్టాను. కాటా మీద పెడితే ఏడు కిలోలకు పది గ్రాములు తక్కువ. చెవి ఆనించి ఊపాను. చప్పుడు లేదు. సుత్తిని, మేకులు పీకే పట్టకారును జాగ్రత్తగా పెద్ద సూట్‌కేసులో పెట్టాను, ఢిల్లీలో పెట్టె తెరవడానికి.

పెళ్లికి ముందు రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ సూట్‌కేసు కింద లగేజీలోకి పోయింది. పెట్టెను కొలత చట్రంలో పెట్టి చూశారు. అచ్చు పోసినట్టు పట్టింది. మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. తనిఖీ యంత్రం దగ్గర బెల్టు ఆగింది. అక్కడున్న అధికారిణి మన పిల్లే, తెలుగు మాట్లాడింది.

"తాతగారూ, ఇందులో ఏముంది?"

"పెళ్లి గౌనమ్మా."

"చుట్టూ ఇన్ని మేకులేంటి?"

"మేకులు లేకపోతే మూత నిలవదు కదమ్మా."

"లోపల ఈ పీచులా ఉన్నదేంటి?"

"వరిగడ్డి."

ఆమె ఇంకో ఇద్దరిని పిలిచింది. తీసుకెళ్లవచ్చని మీవాళ్లే చెప్పారంటూ డైరీ తెరిచి గీత గీసిన వాక్యం చూపించాను. చదివి మర్యాదగానే అంది, "ఇది మీరు రాసుకున్నదే కదా తాతగారూ. పెట్టె తెరవండి."

తెరవాలంటే పట్టకారు కావాలి. అది సూట్‌కేసులో విమానం కడుపులోకి పోయింది. మీ దగ్గర ఒకటుంటే ఇవ్వమన్నాను. అలాంటి పరికరాలు లోపలికి రానివ్వకుండా చూడటమే వాళ్ల ఉద్యోగమట. తెరవకపోతే పంపరు, తెరిచేది లోపల ఉండనివ్వరు. గోడ మీద తెరలో మా విమానం పేరు ఎదురుగా అక్షరాలు మారాయి. ఎక్కడం మొదలైంది.

"పెట్టె ఆడనే వదిలి పోదామంటే నేను రాను. నువ్వు పోయి పెళ్లి చూడు" అంది మా ఆవిడ. ఆ మాట తమాషాకు అనలేదు. బెల్టు పక్కనున్న కుర్చీలో కూర్చుని పెట్టె మీద చెయ్యి వేసింది.

అధికారిణి ఆమెను చూసింది, వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడింది. చివరికి మరమ్మతుల మనిషి ఒకతను వచ్చాడు. ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టి, తర్వాత స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు. నేను కట్టిన పెట్టె అంత తేలిగ్గా తెరుచుకునేది కాదు. మూత లేచేసరికి నెట్టు గుడ్డ బుస్సున పైకి లేచింది, వరిగడ్డి బెల్టు మీద పరుచుకుంది. వెనక వరుసలో కోటు వేసుకున్నాయన బూట్లు దులుపుకున్నాడు. గౌను లాగేటప్పుడు అంచు ఒక మేకుకు తగులుకుని బెత్తెడు చిరిగింది.

ఆ చప్పుడు నాకు బాగా వినిపించింది.

మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. చేతిసంచిలోంచి దుప్పటి తీసింది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పెట్టుకుందని అప్పుడు తెలిసింది. గౌనును పరిచి, మూట కట్టి ఒళ్లోకి తీసుకుంది. మూటను ఎవరూ కొలవలేదు, తూచలేదు. యంత్రంలోంచి ఒక్కసారి పంపి "వెళ్లండి అమ్మమ్మా" అన్నారు. పెట్టెకు రసీదు ఇవ్వమని నేను అడుగుతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మమ్మల్ని ఎక్కించుకుని తలుపు మూశారు.

విమానంలో ఆమె ఢిల్లీ దాకా ఆ మూటను దించలేదు. చిరిగినచోట లోపలి వైపుగా మడిచి, తన గాజులకు తగిలించుకున్న పిన్నీసుల్లోంచి రెండు తీసి పెట్టింది. నా మేకులను పట్టుకున్న యంత్రం ఆ పిన్నీసులను ఏమీ అనలేదు. ఆ సంగతి డైరీలో రాసుకుంటుంటే పక్కకు వంగి చూసి, "అది కూడా గీత గీసుకో" అంది.

మర్నాడు చర్చిలో మనవరాలు గౌనుతో నడిచి వస్తోంది. అవ్వ చీర అంచు నేల మీద పారాడుతోంది. పిన్నీసులు ఎవరికీ కనబడలేదు. అందరూ లేచి నిలబడ్డారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుని నా చెవి దగ్గరికి వంగింది.

"ఏందయ్యా, చెవి పెట్టి ఊపి చూస్తావా?"