ఘాట్ రోడ్డు మీద పట్టేసిన ఇంజిన్

ఎనభైల మొదట్లో నేను తాండూరులో ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ను. ఇల్లు వికారాబాదులో. రోజూ నా పాత టూ స్ట్రోక్ మోటార్ సైకిల్ మీద పోయివచ్చేవాణ్ణి. పొద్దున అనంతగిరి ఘాట్ దిగడం, సాయంత్రం ఎక్కడం. ఎక్కేటప్పుడు బండి రెండో మలుపుకే ఆయాసపడేది. ఒకరోజు మా ఫ్యాక్టరీ టైపిస్టు భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని కొత్త బండి మీద నన్ను దాటిపోయాడు. వెనక కూర్చున్న చిన్నపిల్ల నాకు టాటా చెప్పింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

తాండూరు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన పేరంతా పోర్టింగ్ మీదే. సిలిండర్ గోడలో పెట్రోలు ఆవిరి వచ్చే దారులు, పొగ పోయే దారి ఉంటాయి. వాటిని సన్నటి ఆకురాయితో కొలత ప్రకారం రాకి పెంచితే ఇంజిన్‌కు బలం వస్తుంది. కొలత తప్పితే సిలిండర్ పాత ఇనుము కిందికే.

"ఇంటికి తీస్కపోయి నిమ్మళంగ చేస్త సాబ్. నాలుగు దినాలు ఆగు" అన్నాడు ఉస్తాద్, పనికుర్రాడితో సిలిండర్‌ను పాత లుంగీ గుడ్డలో చుట్టిస్తూ.

అయిదో రోజు సాయంత్రం అదే ఘాట్‌లో నా బండి బస్సును దాటింది. నమ్మలేక పైకెక్కాక బండి ఆపి, దిగి, కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పోర్టింగ్ చేసిన ఇంజిన్‌కు ఇంకా ఏమేమి మార్చవచ్చునో నలుగురూ నాలుగు చెప్పారు. పెద్ద కార్బొరేటర్ పెట్టమన్నాడు టైపిస్టు. సిలిండర్ మీది మూత, అంటే హెడ్, గీకిస్తే కంప్రెషన్ పెరుగుతుందన్నాడు లారీ డ్రైవరొకడు. సైలెన్సర్ మార్చమన్నారు ఇంకొకరు. ఉస్తాద్‌ను అడిగితే, ఏదడిగినా అనేటట్టే "రేపు చెప్త సాబ్" అన్నాడు.

మర్నాడు చెప్పాడు. "కార్బొరేటర్ జోలికి పోకు. హెడ్ గీకియ్యకు. సైలెన్సర్ ఒక్కటి మార్చు. పెట్రోల్ వచ్చే జెట్టు ఒక నంబర్ పెంచు. చాలు."

"ఎందుకు ఉస్తాద్?"

ఆయన నేల చూశాడు. "గది గూడ రేపు చెప్త."

ఈయనకే తెలియదు, తప్పించుకుంటున్నాడు అనుకున్నాను. ఆదివారం హైదరాబాదు పోయి పెద్ద కార్బొరేటర్ కొన్నాను. లేత్ షాపులో హెడ్ గీకించాను. అక్కడే బిగించుకుని వచ్చాను.

మూడు రోజులు బండి గాల్లో తేలినట్టు పోయింది. నాలుగో రోజు పొద్దున ఘాట్ దిగుతున్నాను. రేస్ పూర్తిగా మూసి, బండిని దాని బరువు మీద వదిలేశాను. రెండో మలుపు తిరుగుతుండగా ఇంజిన్‌లోంచి కీచుమని ఒక సన్నటి చప్పుడు. ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ పట్టాలని తోచేలోపే నేను రోడ్డు మీద ఉన్నాను. బండి నా ముందు అడ్డంగా జారుకుంటూ పోయి గట్టు రాయికి తగిలి ఆగింది. తల తిప్పితే వెనక వస్తున్న బస్సు ముందు చక్రం. నాకూ దానికీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా కూడా లేదు.

డ్రైవర్ దిగివచ్చి నన్ను కూర్చోబెట్టాడు. ఆయన ముఖం పాలిపోయింది. "జర్ర అయితె నా చక్రం కిందికే వస్తుంటివి" అన్నాడు మెల్లగా. మోచెయ్యి చీరుకుపోయింది, మోకాలి దగ్గర పాంటు నెత్తురులో తడిసింది. అయినా నొప్పి తెలియడం లేదు. లేచి బండి దగ్గరికిపోయి కిక్ రాడ్ మీద కాలు వేశాను. అది కదల్లేదు. ఎంత బరువు వేసినా కదల్లేదు. దాని మీదే కాలుపెట్టి ఎంతసేపు నిలబడ్డానో నాకు గుర్తులేదు.

తాండూరు పోయే ఖాళీ లారీలో బండిని ఎక్కించారు. షెడ్డు మూసి ఉంది. ఉస్తాద్‌కు బాగాలేదని పక్క పాన్ డబ్బా ఆయన చెప్పాడు. లారీని ఆయన ఇంటి దగ్గరికే తీసుకుపోయాం.

ఉస్తాద్ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సాసర్ రెండు చేతులా పట్టుకున్నా చాయ్ ఒలికి చొక్కా మీద పడుతోంది. ఆ చేతులు అంతలా వణకడం నేనెప్పుడూ చూడలేదు. షెడ్డులో విప్పడం, బిగించడం పనికుర్రాడే చేసేవాడు, ఈయనకు ఎప్పుడూ ఒక చెయ్యి జేబులో, ఇంకో చెయ్యి బల్ల మీద ఉండేవి. నన్నూ బండినీ చూసి, లోపలికి తిరిగి "బిడ్డా" అని పిలిచాడు.

పాతికేళ్ల ఆడమనిషి ఓణీ తలమీద సర్దుకుంటూ వచ్చింది. నాతో ఏమీ మాట్లాడలేదు. పానా తెచ్చి ప్లగ్గు విప్పి వెలుతురులో పట్టుకుంది.

"సున్నం లెక్క తెల్లగైంది అబ్బా" అంది తండ్రితో. "చాయ్ రంగు ఉండాలె. కార్బొరేటర్ పెద్దది పెట్టిండు, జెట్టు మార్చలే. గాలెక్కువ, పెట్రోల్ తక్కువ. హెడ్ గీకిచ్చి వేడి ఇంకింత పెంచిండు. ఆయిల్ పెట్రోల్‌లనే కదా కలిసి పోయేది. ఘాట్ దిగుతు రేస్ మూస్తె ఆయిల్ గూడ బంద్. పిస్టన్ ఉబ్బి పట్టేసింది."

ఆదివారం నుంచి నా వెనక కూర్చుని ప్రయాణం చేసినట్టు చెప్పింది. నేను ఉస్తాద్ వైపు చూశాను.

"నీ సిలిండర్ రాకింది గామెనే సాబ్" అన్నాడాయన. "ఆరేండ్ల సంది అందరియి గామెనే రాకుతది. నా చేతులు గప్పుడే పోయినయ్."

నా మోకాలికి అప్పుడు మొదలైంది నొప్పి. గడప మీద కూలబడ్డాను. ఆమె లోపలినుంచి ఒక నోటుబుక్కు తెచ్చింది. తాండూరులో పోర్టింగ్ చేసిన ప్రతి సిలిండర్ అందులో ఉంది. కాగితాన్ని సిలిండర్ లోపల పరిచి పెన్సిల్‌తో రుద్ది, దారుల అచ్చు తీసుకుంది. నా పేజీలో పక్కన ఉర్దూలో ఏదో రాసి ఉంది. ఏమిటని అడిగాను. చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, చదివింది. "మనిషికి తొందరెక్కువ. పెద్ద కార్బొరేటర్ వద్దని గట్టిగ చెప్పాలె."

ఎవరికీ చెప్పవద్దని ఉస్తాద్ అడిగాడు. ఆడపిల్ల రాకుతుందంటే ఎవరూ బండ్లు ఇయ్యరు అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

సిలిండర్ హైదరాబాదులో లోపలి గీతలు పోయేలా బోరింగ్ అయి వచ్చాక ఆమె మళ్లీ రాకింది. పాత కార్బొరేటరే, గీకని వేరే హెడ్ పెట్టి జెట్టు పెంచింది. సైలెన్సర్ కొలతలు న్యూస్‌పేపర్ మీద గీసిస్తే, వెల్డింగ్ షాపులో రేకు కోసి ఆనపకాయలా మధ్యలో లావుగా, తోక సన్నగా చేసిచ్చారు. బండి మునుపటికంటే బాగా పోయింది, వేడెక్కలేదు.

రెండు నెలలకు ఫ్యాక్టరీ గేటు దగ్గర టైపిస్టు "నీ ఉస్తాద్ మొనగాడే" అన్నాడు.

"ఉస్తాద్ కాదు, ఆయన బిడ్డ" అన్నాను.

గర్వంగా అన్నాను. నోట్లోంచి బయటపడ్డాక గాని ఏమన్నానో తెలియలేదు. టైపిస్టు నవ్వాడు. వారంలోపే ముగ్గురు తమ సిలిండర్లు వెనక్కి తీసుకుపోయారు. పది రోజులకు షెడ్డు ముందు ఒక్క బండి లేదు. ఆ ఖాళీ జాగా చూసి బెదిరిపోయాను. ఘాట్‌లో కూడా అంత బెదరలేదు నేను.

వాళ్లింటికి పోయాను. ఉస్తాద్ కూర్చోమనలేదు. "చెప్పినవా?" అన్నాడు. చెప్పానన్నాను. ఆయన గోడవైపు తిరిగాడు.

ఆమే మాట్లాడింది. "ఎప్పుడన్న నేనే చెప్తుంటినేమో అన్నా. గని గది నేను చెప్పుకోవాల్సిన మాట. నీది కాదు."

తర్వాతి సోమవారం ఆమె షెడ్డుకు వచ్చింది. షెడ్డు ముందు వేలాడే గోనెసంచి పరదాను తండ్రి విప్పి పక్కన పడేశాడు. రోడ్డుకు కనబడేటట్టు, సిలిండర్‌ను కదలకుండా పట్టే వైసు బిగించుకుని కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు ఆగి చూశారు, బండి ఎవరూ ఇవ్వలేదు. మూడో వారం బషీరాబాద్ నుంచి ఒక కంది వ్యాపారి వచ్చాడు. తాండూరులో జనం అనుకుంటున్న మాటలు ఆయనకు తెలియవు. ఎవరు చేస్తారని సగం కన్నడంలో, సగం తెలుగులో అడిగాడు. "నేనే" అంది. ఆయన బండి వదిలి చాయ్ తాగడానికి పోయాడు.

ఆ వ్యాపారి ఇంకో ఇద్దరిని తీసుకొచ్చాడు. ఏడాది తిరిగేసరికి షెడ్డు ముందు మళ్లీ బండ్లు నిలబడ్డాయి. ఒకరోజు వాటిలో టైపిస్టు బండి కూడా చూశాను. ఆమె నా బండి కూడా చేసేది, ఎప్పటిలాగే శ్రద్ధగా. ఏ నంబరు జెట్టు పెట్టిందో, ఆయిల్ ఎంత కలపాలో చెప్పేది. ఇంకో మాట మాత్రం నాతో మాట్లాడేది కాదు.