ఊరివైపు తిరిగిన పడవలు

డ్రాయింగు మాస్టారిగా రిటైరై శ్రీకాకుళంలో ఒక్కణ్ణే ఉంటున్నాను. మా ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ పొద్దున్న రెండు గ్లాసుల టీ పెట్టేసి, రెండోది చల్లారాక పారబోస్తుంటాను.

ఆవిడ పుట్టిల్లు కళింగపట్నం. సముద్రం మీద వేటతో బతికే కుటుంబం. ఎండుచేపల వాసన పడదని ఇన్నేళ్లలో నేను అక్కడ ఒక పూట కుదురుగా ఉన్నది లేదు. మంచాన పడ్డాక ఆవిడ ఒక్కటే అడిగింది. "ఒక్కసారి మా ఊరు సూసొద్దావండీ." ఈ ఒంటితో గతుకుల రోడ్డు మీద ఎక్కడికని కసిరాను. మీ ఊరినే ఇంటికి తెస్తాలే అని గొప్పగా అన్నాను కూడా.

పూర్వం ఓడల్లో వచ్చిన తెల్లవాళ్లు తాము చూసిన రేవుల బొమ్మలు వేయించుకుని జ్ఞాపకంగా పట్టుకుపోయేవారు. అలాంటి పాత బొమ్మ ఒకటి ఫోన్లో దొరికింది. ఇసుక, తాటిచెట్లు, ఒడ్డున నాలుగు పడవలు. ఏ ఊరిదో రాసి లేదు. తీరమంతా ఒకలాగే ఉంటుంది కదా అనుకుని, ఒక లైట్‌హౌస్ నేనే కలిపి, వారం రోజులు కూర్చుని రంగుల్లో వేశాను. మంచానికి ఎదురుగా తగిలించాను. ఆవిడ చాలాసేపు చూసి "బాగున్నాదండీ" అంది. నేను పొంగిపోయాను. పోయేదాకా దాన్నే చూస్తూ పడుకుంది.

మొన్న ఆ బొమ్మని వాళ్ల అక్కకి ఇద్దామని కళింగపట్నం వెళ్లాను. వదిన ఒడ్డున చేపలు ఆరబెడుతోంది. చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది.

"ఇదేనేటి మరిదీ ఆ బొమ్మ? నాకు ఫోన్లో సెప్పింది."

"ఏం చెప్పింది?"

వదిన ఒడ్డుకేసి చూపించింది. వరసగా పడవలు, అన్నిటి ముక్కులూ సముద్రం వైపే. వేట నుంచి రాగానే, ఇంటికి వెళ్లే ముందే పడవని తిప్పి పెడతారట. నా బొమ్మలో నాలుగూ ఊరివైపు చూస్తున్నాయి.

"ఇంక ఏటకి ఎల్లనోడి పడవే మా కాడ ఇలా ఉంటాది. అదే సెప్పింది. 'ఆయనకి సెప్పకే అక్కా, వారం రోజులు కూకుని ఏసినారు' అంది."

ఆ పాత బొమ్మని ఏ దొర ఓడ దిగకుండానే వేయించుకున్నాడో ఏమో. నేనైతే బస్సెక్కకుండానే వేశాను. ఆవిడ చెప్పి ఉంటే పది నిమిషాల్లో దిద్దేవాణ్ణి అనుకున్నాను. అబద్ధం. విసుక్కునేవాణ్ణి. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

"నువ్వే ఉంచుకో వదినా."

"వొద్దు. ఇలాటిది మా ఇంట్లో ఎట్టుకోం. కోప్పడకు. అన్నం తినేసి ఎల్లు."

ఎండుచేపల పులుసుతో తిన్నాను. వాసన గురించి ఒక్క మాట అనలేదు. అంటే నొచ్చుకునే మనిషి లేదు కదా.

బొమ్మ ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఇంటికొచ్చి మళ్లీ ఆ మేకుకే తగిలించి, మొదటిసారి ఆవిడ మంచం మీద పడుకుని చూశాను. కుంచె పట్టబుద్ధి కాలేదు. కళింగపట్నం నుంచి మా ఇంటికి బస్సులో గంట పట్టింది. గతుకులు కూడా పెద్దగా లేవు.