అటక మీది లెక్కల పుస్తకం

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండిన ఏడాది, ఒక ఉదయం మా చిన్నాయన మా తమ్ముడి సంచిలోంచి లెక్కల పుస్తకం తీసి, ట్రంకుపెట్టె మీదికెక్కి, అటక మీద గోనెసంచుల వెనక్కి నెట్టేశాడు. కిందికి దిగి చేతులు దులుపుకొని, "లెక్కలకు సెలవు. ఇగ మనకు అన్నీ మంచి పాఠాలే" అన్నాడు. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. వాడికప్పుడు ఎనిమిదో ఏడు. నాకు మాత్రం ఆ సెలవు నమ్మబుద్ధి కాలేదు. ముందురోజే వాడిని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయి వచ్చారు. వచ్చినప్పటి నుంచి మా అమ్మ వాడికి రెండు పూటలా గుడ్డు పెట్టింది.

అప్పట్లో మా ఊరికీ పట్నానికీ చాలా దూరం. ఇప్పుడు ఐటీ కంపెనీల అద్దాల మేడలున్న చోట గుట్టలు, సీతాఫలం చెట్లు, జొన్నచేలు ఉండేవి. బడి పక్క ఊళ్లో ఉండేది. గుట్ట ఎక్కి దిగి పోవాలి. మూడో తరగతిలో చేరిన కొత్తలోనే తమ్ముడు ఆ గుట్ట మీద కళ్లు తిరిగి పడిపోయాడు. పెదాలు నేరేడుపండ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. వాడి గుండె పుట్టుకతోనే సరిగా లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎంత సరిగా లేదో ఎవరికీ తెలియదు. బడి సారు మా నాన్నను పిలిపించి, ఈ ఏడాదికి ఇంటి దగ్గరే చదివించండి, ఒళ్లు కుదుటపడితే వచ్చే జూన్‌లో నాలుగో తరగతిలో కూర్చోబెడతాను అన్నాడు. ఆ మాట తమ్ముడు పట్టుకున్నాడు. నాలుగో తరగతిలో తన ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. వాడికున్న కోరిక అదొక్కటే. నిద్ర లేస్తూనే, "అక్కా, జూన్‌కు ఇంకెన్ని నెలలు?" అని అడిగేవాడు.

చదువు చెప్పే పని మా చిన్నాయన మీద పడింది. మా నాన్నకు తమ్ముడు. ఇంకా పెళ్లి కాలేదు. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పొద్దున సైకిల్ మీద వచ్చి, స్నానం చేసి, తిని, పడుకునే ముందు తమ్ముడిని వరండాలో కూర్చోబెట్టుకునేవాడు. బడి లేని రోజుల్లో నాకూ పక్కనే లెక్కలు చెప్పేవాడు. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి, ఏది ఆటలో కలపాలి, అన్నీ ఆయన ఇష్టమే. వాచకంలో పాఠాలు వరసగా చెప్పేవాడు కాదు. మబ్బు పట్టిన రోజు వాన పాఠం తీసేవాడు. కోడి పొదిగిన వారం పక్షుల పాఠం. లెక్కలు మాత్రం ఒక్క పేజీ వదలకుండా వరసగా సాగేవి. "లెక్కల కాడ నాతోని బేరాల్లేవు బిడ్డా" అనేవాడు. అలాంటి మనిషి లెక్కల పుస్తకాన్నే అటక ఎక్కించాడు.

దవాఖానలో డాక్టరు ఏం చెప్పాడో పెద్దవాళ్లు మాకు చెప్పలేదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది. ముందు ముందు పనికొచ్చేవన్నీ తీసేసి, ఆ రోజుకు వాడిని సంతోషపెట్టేవి మాత్రమే ఉంచాలని చిన్నాయన అనుకున్నాడు. ఆ తర్వాతి రోజులు పండగలా నడిచాయి. సైకిల్ ముందు కడ్డీకి దుప్పటి చుట్టి, వాడిని కూర్చోబెట్టుకుని లింగంపల్లి స్టేషనుకు తీసుకుపోయేవాడు. గూడ్సు బండి పోతుంటే వాడు పెట్టెలు లెక్కపెట్టబోయేవాడు. చిన్నాయన వాడి వేలు పక్కకు తిప్పి ఇంజన్ను చూపించేవాడు. ఫ్యాక్టరీ నుంచి అయస్కాంతం ముక్క తెచ్చి ఇనుప రజను ఆడించి చూపాడు. ఆకుతో పీక చేయడం నేర్పాడు. ఇంట్లో వాడిని తిట్టేవాళ్లు లేరు. పని చెప్పేవాళ్లు లేరు. నీళ్ల చెంబు కింద పడేసినా మా అమ్మ, "పోనీలే నాయినా" అంటూ తుడిచేది. అంతకుముందు అదే చెంబుకు నాకూ వాడికీ వీపులు మోగేవి.

ఒక సాయంత్రం మా పెద్దనాయన కొడుకు, తమ్ముడి ఈడువాడే, బడి నుంచి వచ్చి మా అరుగు మీద కూర్చుని ఎక్కాలు వల్లె వేస్తున్నాడు. మధ్యలో ఆగి, "నీకు ఎంత దాక వచ్చినయిరా?" అని అడిగాడు.

"పది దాక."

"గంతేనా? మాకు పదిహేను అయిపోయినయి. నాలుగో తరగతిల సారు నిన్ను బెంచి ఎక్కిస్తడు చూడు."

మామూలుగా అయితే తమ్ముడు వాడి మీద పడి కొట్టేవాడు. ఆ రోజు లేచి లోపలికి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు చిన్నాయన సైకిల్ తుడిచి వాకిట్లో నిలబెట్టాడు. తమ్ముడు గడప మీదే కూర్చున్నాడు.

"చిన్నాయనా, నా లెక్కల పుస్తకం ఎవరికన్న ఇచ్చినవా?"

"లేదురా. పైన్నే ఉంది."

"మరి చెప్తలేవేంది?"

"ఎందుకురా ఆ తలనొప్పి. రా, ఇయ్యాల పెద్ద మాల్ గాడి వస్తది, టేషన్‌కు పోదాం."

వాడు కదలలేదు. నేను పక్కనే పలక తుడుచుకుంటున్నాను. నన్ను చూపించి, "అక్కకు చెప్తున్నవు గదా. అక్క పెద్దగయితది. నేను గానా?" అన్నాడు.

ఏడుపు లేదు, కోపం లేదు. అన్నం ఉడికిందా అని అడిగినట్టు అడిగాడు. చిన్నాయన సైకిల్ గంట మీద బొటనవేలు పెట్టి తీశాడు గానీ మోగించలేదు. తర్వాత సైకిల్ గోడకు ఆనించి, లోపలికి పోయి, ట్రంకుపెట్టె ఎక్కి పుస్తకం దించాడు. మా ముందుకు వచ్చేసరికి ఆయన మొహం మారిపోయింది. అంత గట్టిగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

"ఇన్నొద్దులు సైకిలెక్కి ఊరేగి ఇప్పుడు నన్నడుగుతున్నవా? యాదికి రాలేదా నీకు? నాలుగో తరగతిల సారు అడిగితే నా పరువేం గావాలె? కూసో. పదకొండో ఎక్కం ఐదుసార్లు రాయి. తప్పు పోతే పదిసార్లు."

తిట్లు తింటూ తమ్ముడు నవ్వాడు. ముందు నోరు మూసుకుని నవ్వాడు, తర్వాత పళ్లు కనిపించేలా నవ్వాడు. బాసింపట్టు వేసుకుని, పలక ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా రాశాడు. ఆ పండగ రోజుల్లో ఒక్కసారి కూడా వాడి మొహంలో నేను అంత వెలుగు చూడలేదు.

మధ్యాహ్నం పెరట్లో మా నాన్న చిన్నాయనను ఆపాడు. నేను బావి దగ్గర ఉన్నాను. "వానికెందుకురా ఇప్పుడు లెక్కలు? ఉన్నన్నొద్దులు సుఖంగ ఉండనియ్యి" అన్నాడు నాన్న.

"నాకూ తెల్వదన్నా ఎందుకో. వాడు అడిగిండు. ఇయ్యనంటే, ఎందుకియ్యనో చెప్పాలె. అది నాతోని గాదు" అన్నాడు చిన్నాయన.

ఉన్నన్నొద్దులు అంటే బతికినన్ని రోజులని నాకు అక్కడే, నీళ్ల బిందె పట్టుకుని ఉండగానే అర్థమైంది. బిందె అక్కడే దించేశాను.

ఆ రోజు నుంచి మా వరండా నిజమైన బడి అయింది. చిన్నాయన సారు దగ్గరికి పోయి, బడి పిల్లలకు ఏ నెలలో ఏ పాఠం అవుతుందో కనుక్కుని, అవే పాఠాలు అదే వరసలో చెప్పాడు. అర్ధసంవత్సర పరీక్షల ప్రశ్నపత్రం అడిగి తెచ్చాడు. తమ్ముడిని వరండాలో ఒక మూల కూర్చోబెట్టి, నన్ను అటువైపు రావద్దని చెప్పి, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. రాత్రంతా పని చేసి వచ్చిన మనిషి, కళ్లు మూతలు పడుతున్నాయి. మా అమ్మ గ్లాసుతో పాలు తెస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పరీక్షల పాలు తాగనిస్తరా వదినా? గంట కొట్టినంక తే."

"ఏంది, నా ఇంట్ల నాకు గేటుపాసు గావాల్నా?" అంది అమ్మ. తమ్ముడు తల వంచుకుని నవ్వాడు. అమ్మ పాల గ్లాసుతో గడప అవతల నిలబడింది, గంట కొట్టేదాకా.

ఒక లెక్కలో జవాబు సరిగా వేసి, పక్కన మీటర్లు అని రాయలేదని చిన్నాయన అర మార్కు కోశాడు. దాని మీద పెద్ద తగాదా. తర్వాతి నెలలో తమ్ముడు మంచం దిగలేకపోయాడు. మంచం మీద నుంచే తగాదా పెట్టుకునేవాడు. "మీటర్లని మనసుల అనుకున్న చిన్నాయనా" అనేవాడు. "మనసుల అనుకుంటే మనసులనే ఏసుకో మార్కు. బడిల గూడ కోస్తరు" అని ఆయన వాదించేవాడు. మా అమ్మ చాటుకు పిలిచి, ఇచ్చేయరాదా ఆ అర మార్కు అని బతిమాలింది. ఆయన ఇవ్వలేదు. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడుతూ కూడా తమ్ముడు ఆ మార్కు కోసం పోట్లాడుతూనే ఉన్నాడు. శివరాత్రికి ముందే పోయాడు.

ఆ తర్వాత చాలా రోజులు చిన్నాయన పొద్దున్నే వచ్చి, తిని, వరండాలో పాఠాలు చెప్పే చోట కాసేపు కూర్చుని, అప్పుడు పోయి పడుకునేవాడు. ఎవరమూ ఆయనను పలకరించేవాళ్లం కాదు. నాకు ఉద్యోగం వచ్చాక, ఆయన తల నెరిశాక, ఒకసారి ధైర్యం చేసి అడిగాను, వాడికి తెలుసా చిన్నాయనా అని.  ఆయన, "తెలిసి అడిగిండో, తెల్వక అడిగిండో, నాకు ఇప్పటికీ తెల్వదు బిడ్డా. పుస్తకం పైన పెట్టింది నేను. వాణ్ణి అడిగి పెట్టలే" అన్నాడు. ఇంకోసారి ఆ మాట మా మధ్య రాలేదు. ఇప్పుడు ఆయన కూడా లేడు.

నేను ఇప్పుడు మా పాత ఊరి వైపే, గోపన్‌పల్లిలో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. మా తమ్ముడు పడిపోయిన గుట్ట ఎక్కడుండేదో ఈ పన్నెండో అంతస్తు నుంచి చూసినా గుర్తుపట్టలేను. మా మనవరాలికి ఐదేళ్లు. ఇంకా మాట రాలేదు. ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు చెప్పారు. ఎంతవరకు నేర్చుకోగలదో ఇప్పుడే చెప్పలేమన్న ఒక్క మాట మాత్రం ముగ్గురూ అన్నారు. చేర్చిన బడివాళ్లు రెండు నెలలు చూసి, మా వల్ల కాదన్నారు. ఇంటి దగ్గరే చదివిద్దామని అమ్మాయీ అల్లుడూ నిర్ణయించుకున్నారు. ఇలా ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో రోజుకో కొత్త సిలబస్ పేరు వస్తుంది. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగారు. రెండింటి నమూనా పెట్టెలూ ఇంటికి వచ్చాయి. భోజనాల బల్ల మీద ఉన్నాయి.

ఒకటి మియాపూర్‌లో పాపకు శిక్షణ ఇచ్చే ఆవిడ చెప్పింది. అందులో పళ్లు తోముకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, ఆకలి వేస్తే బొమ్మ చూపించి అడగడం ఉంటాయి. రెండోది మామూలు పిల్లలకు ఒకటో తరగతికి వాడేది. అక్షరాలు, అంకెలు, కథల పుస్తకాలు, పూసల చట్రం. రెండూ మోయడం పాప వల్ల కాదని ఆవిడ ముందే చెప్పింది.

మా అల్లుడు కోస్తావాడు. నెమ్మదస్తుడు. "అత్తయ్యగారూ, రోజూ అవసరమయ్యేవి ముందు నేర్పిద్దామండి. అక్షరాలూ అంకెలూ తర్వాత చూసుకోవచ్చు కదండీ" అంటాడు.

"తర్వాతంటే ఎప్పుడు?" అంటుంది మా అమ్మాయి. "నీ ఆఫీసుల డేటు లేకుండ ఒక్క పనన్న ఒప్పుకుంటవా? దీనికీ ఒక డేటు చెప్పు."

అది డాక్టర్లే చెప్పలేని డేటు. అతని తప్పు కాదు. బొత్తాలు పెట్టుకోవడం వచ్చిన రోజు ఆ పిల్ల బతుకు కొంత తేలికవుతుంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. మా చిన్నాయన మొదట చేసిన పని కూడా ప్రేమతో చేసిందే. మా తమ్ముడి సంగతి నా పిల్లలకు నేనెప్పుడూ చెప్పలేదు. మొన్న ఆదివారం ఆ బల్ల దగ్గర కూర్చుని ఇద్దరికీ చెప్పాను. ఏ పెట్టె ఉంచుకోవాలో చెప్పడం నా వల్ల కాలేదు. మనం ఏది వద్దని పక్కన పెడతామో దాన్ని కూడా పిల్లలు చదువుకుంటారని మాత్రం చెప్పాను. ఆ ఏడాది నుంచి నాతో ఉన్నది అదొక్కటే. అమ్మాయి కళ్లు తుడుచుకుంది. అల్లుడు లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

ఇంకా ఏదీ తేలలేదు. రెండు పెట్టెల్లో ఒకటి ఈ వారంలో వెనక్కి పంపాలి. పాప ఏది ఇస్తే అది పట్టుకుంటుంది, అడిగితే ఇచ్చేస్తుంది. నిన్న అల్లుడు అంకెల కార్డులు ఏరి పెట్టెలో సర్దుతుంటే, ఆడుకోవడం ఆపి అటే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో ప్రశ్న ఉందో లేదో మా ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.