ఎండను బంద్ చేసే స్విచ్

ఆ రోజు మొదటి దెబ్బ నాకు గేటు దగ్గరే పడింది. జనగామ ఊరి చివర మూతబడ్డ పత్తి మిల్లు ఒకటి ఉంది. దాని ఇనుప గేటును ఒక మనిషి పట్టేంత తెరిచి, టోకెన్లు ఇస్తామన్నారు. బయట రెండు వందల మందికి తక్కువ లేం. ఆ తోపులాటలో ఎవడి మోచేయో నా కింది పెదవి మీద దిగింది. నోరంతా ఉప్పగా అయింది. తల తిప్పి చూస్తే మోచేతి యజమాని కాటారం మనిషి. భూపాలపల్లి బొగ్గు బావుల్లో కాంట్రాక్టు పని చేసి చేసి, భుజాలు తలుపు రెక్కల్లా అయినవాడు.

"అన్నా, జర చూసి కొట్టు. పరీక్షకని కడుక్కొచ్చిన మూతి ఇది," అన్నాను.

"నవ్వకుర బై, ఇంకోటి పడ్తది," అన్నాడు.

పడింది కూడా. ఈసారి డొక్కలో.

మేమంతా వచ్చింది ట్రేడ్ టెస్టుకి. గల్ఫ్ పోవాలంటే పని వచ్చని ఇక్కడే చేసి చూపించాలి. ఒకప్పుడు మావైపు వాళ్లు దుబాయ్ పోయారంటే తాపీ పనికో, సెంట్రింగ్‌కో. ఇప్పుడు సోలార్. కేసముద్రం మార్కెట్ యార్డులో నేను బస్తాలెత్తుతుంటే ఏజెంటు వచ్చి ఫోనులో వీడియో చూపించాడు. సౌదీ, ఒమన్, ఈజిప్టు, మొరాకో అని పేర్లు వస్తున్నాయి. కనుచూపు మేర ఎడారి, దాని మీద నల్లటి పలకలు. కొండల మీద గాలి మరలు. ఆ కరెంటుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి ఓడలకెక్కిస్తారట. షేకులు, మంత్రులు కాగితాల మీద సంతకాలు చేసి చేతులు కలుపుతున్నారు.

"నూనె అమ్మినోళ్లు ఇగ ఎండ అమ్ముతరా సార్?" అని అడిగాను. "మా కేసముద్రంల ఎండ ఊరికెనే పడి ఉంది. లారీ తెమ్మనుండ్రి, నేనే ఎత్తుత."

ఏజెంటు నవ్వలేదు. "పలకలు బిగించెతందుకు మనుషులు కావాలె. పాస్‌పోర్ట్ ఉందా?" అన్నాడు. ఉంది. ఆరేళ్లుగా ట్రంకు పెట్టెలో నాకంటే బాగా నిద్రపోతోంది.

గేటు దాటాక వరుసలో నా వెనక నిలబడ్డవాడు గూడూరు దగ్గరి తండా మనిషి. ఎండిపోయిన మనిషి, మెత్తటి మాట. వచ్చే నెలలో ఆయనకు నలభై నిండుతాయి. నలభై దాటినవాణ్ని తీసుకునేది లేదని ఏజెంటు ముందే చెప్పేశాడు. సెంట్రింగ్ పరీక్షలో ఇంతకుముందే రెండుసార్లు తప్పాడు. అంటే ఇక ఇదే ఆఖరు.

"మూడు బోర్లు ఏసిన తమ్మీ, మూడిట్ల దుమ్మే," అన్నాడు. "మా దగ్గర నీళ్లు లెవ్వు, ఎండే ఉంది. ఇగ గా ఎండే బువ్వ పెట్టాలె."

కరెంటు పని తనకు వచ్చని ఆయన ధీమా. తండాలో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం ఎవరూ ఎదురుచూడరు, ఈయన్ని పిలుస్తారు. పొడవాటి ఎండు కర్రతో స్విచ్ కిందికి గుంజి, చెప్పులేసుకుని దిమ్మె ఎక్కి, ఫ్యూజు తీగ చుట్టి దిగుతాడు. ఇరవై ఏళ్లుగా అదే పద్ధతి. స్విచ్ బంద్ అయితే తీగ చచ్చినట్టే. తండాలో మోటార్లన్నీ ఆయన చేతి మీదే నడిచాయి.

"అయితే షేకు నీకు సలాం కొట్టాలె లైన్‌మన్ సాబ్," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. అప్పట్నించీ వరుసంతా ఆయన్ని లైన్‌మన్ సాబ్ అనడం మొదలుపెట్టింది.

మిల్లు ఆవరణలో రెండు వరుసల పలకలు బిగించి పెట్టారు. వాటినుంచి వచ్చే కరెంటు, స్తంభానికి కొట్టిన ఒక డబ్బాలోంచి షెడ్డులో ఉన్న బ్యాటరీలకు పోతుంది. ఆ డబ్బాలో ఫ్యూజు మార్చడమే మా పరీక్ష. పరీక్ష పెట్టే సారు పదేళ్లు ఎడారిలో పనిచేసి వచ్చినవాడు. చేతిలో ప్లాస్టిక్ పైపు. వరుస తప్పిన కాలి పిక్క మీద అది విజిల్ వేస్తూ పడేది. పన్నెండింటికి అరబ్బు కంపెనీ పెద్దలు చూడ్డానికి వస్తారట. అందుకని సారుకు ఒళ్లంతా తొందరే.

స్తంభం మీద అట్టంత కాగితం అంటించి ఉంది. సగం ఇంగ్లీషు, సగం హిందీ, పైన పుర్రె బొమ్మ. సారు ఒక్కొక్కణ్నీ అడుగుతున్నాడు.

"కాయితం సదివినవా?"

"సదివిన సార్."

అందరిదీ అదే జవాబు. మా ముందు ఒకడు మాత్రం నిజం చెప్పాడు, రాదని. సారు పైపుతో వాడి మోకాళ్ల కింద రెండు వాయించాడు. "సదువు రానోడు ఆడికి పోయి సస్తడు. ఆ శవాన్ని నేను మొయ్యాల్నా? నడువ్ బయటికి!" వాడు కుంటుకుంటూ గేటు దాకా పోయాడు. ఆ వరుసలో ఆ తర్వాత చదువు రానివాడు ఒక్కడూ లేడు.

ఇక నా సంగతి. ఏడో తరగతి సగంలో బడి మానేశాను. తెలుగు చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషులో అక్షరాలను మొహం చూసి గుర్తుపడతాను గానీ, అవి కలిసి ఏం మాట్లాడుకుంటాయో తెలియదు. గూడూరు అన్నకు ఏ అక్షరమూ రాదు. నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"తమ్మీ, గండ్ల ఏం రాసిండ్రు?"

రాదని చెబితే పోయేది. కానీ పదిమంది నా నోటికేసి చూస్తున్నారు, ఏం జోకేస్తాడోనని. నేను కాగితం మీద వేలు పెట్టి, దొరలాగా గొంతు సవరించుకున్నాను.

"ఒకటి. మెయిన్ బంద్ చెయ్యాలె. రెండు. ఫ్యూజు గుంజాలె. మూడు. గీ పుర్రె ఎవలిదంటే, పోయినసారి ఫేలైనోనిది."

గొల్లుమన్నారు. సారు పైపు నా వీపు మీద పడింది. నవ్వు మాత్రం ఆగలేదు. గూడూరు అన్న తల ఊపాడు. ఒకటీ రెండూ ఆయనకు ముందే తెలిసిన పని కదా.

లైన్‌మన్ సాబ్ కదా అని మొదటి వంతుకు మేమంతా ఆయన్నే ముందుకు తోశాం. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మళ్లీ గొడవ. టోకెన్ దొరకనివాళ్లు గేటును ఊపుతున్నారు. "నువ్వు మొదలుపెట్టు, వస్తున్న," అని సారు పైపు ఊపుకుంటూ అటు పరిగెత్తాడు. గూడూరు అన్న చుట్టూ చూశాడు. షెడ్డు గోడకు పెద్ద పిడి ఉన్న స్విచ్ కనిపించింది. ఊరి కరెంటు వచ్చేది అందులోంచి. కర్రముక్క వెతికి మరీ దాన్ని కిందికి గుంజాడు. షెడ్డులో ఫ్యాను తిరగడం ఆగింది. ఆయన మొహంలో నమ్మకం కనిపించింది.

అసలు పద్ధతి నాకు తర్వాత తెలిసింది. డబ్బా పక్కనున్న ఎర్ర స్విచ్ తిప్పాలి, పలకల మీద నల్ల పరదా కప్పాలి. పైన ఎండ ఉన్నంతసేపు పలకలు కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి. ఊరి స్విచ్‌తో దానికి సంబంధమే లేదు. ఆ పరదా అక్కడే మడతపెట్టి ఉంది. మెత్తగా ఉందని దాని మీద నేను కూర్చున్నాను.

ఆయన ఫ్యూజు పట్టుకుని సగం గుంజాడు.

మన ఊరి కరెంటు చిటుక్కుమని ఆరిపోతుంది. ఇది ఆరలేదు. నీలం మంట ఒకటి ఆయన వేళ్లకూ డబ్బాకూ మధ్య సాగి, ఆయన చెయ్యి వెనక్కి వస్తుంటే తానూ వెంట వచ్చింది. పాత గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు. చెయ్యి బిగుసుకుపోయి మళ్లీ డబ్బాకే అతుక్కుంది. "యాడీ!" అని అరిచాడు. వాళ్ల భాషలో అమ్మ. రెండోసారి అరవడానికి దవడ తెరుచుకోలేదు.

నేను లేచి నిలబడ్డానంతే. కదిలింది కాటారం మనిషి. ప్యాకింగ్ పెట్టె నుంచి ఊడిన చెక్క దూలం రెండు చేతులా ఎత్తి, ఆ మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగింది, మేమంతా విన్నాం. చెయ్యి ఊడలేదు. మళ్లీ కొట్టాడు. ఈసారి మనిషి వెల్లకిలా పడ్డాడు. అరచేయి ముందు తెల్లగా, తర్వాత నల్లగా కనిపించింది. రెండు వేళ్లు కాలిన మక్కకంకుల్లా ఉన్నాయి. వాసన గురించి రాయను.

సారు పరిగెత్తుకొచ్చాడు. ఆయన మొదట చేసిన పని ఎర్ర స్విచ్ తిప్పడం. నేను మొదట చేసిన పని ఆయన మొహం మీద గుద్దడం.

"ఆ ఎర్ర స్విచ్ సంగతి ముందే ఎందుకు చెప్పలేదురా!" అని అరిచాను. ఆ మాటతో, గేటు తోసుకుని లోపలికి వచ్చినవాళ్లతో కలిసి, రెండు వందల మంది కదిలారు. పైపు లాక్కున్నారు. అదే పైపుతో ఆయన్ని బాదారు. కళ్లద్దాలు చెప్పుల కింద నలిగాయి. ఎవరో ఇటుకలు తీసుకుని పలకల మీద వేయడం మొదలుపెట్టారు. అద్దం పగిలినప్పుడల్లా జనం ఇంకా రెచ్చిపోయారు. పొద్దుట్నించి తిన్న దెబ్బలన్నీ, అంతకుముందు ఏళ్లలో తిన్నవీ, అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టున్నాయి.

"నేనడిగిన!" సారు నెత్తురు ఉమ్ముతూ అంటున్నాడు. "కాయితం సదివినవా అని అడిగిన! సదివిన అన్నడు!"

ఆ మాట బయటికి రాకూడదని నేను ఆయన నోటి మీదే కొట్టాను. ఒక పన్ను నా పిడికిట్లో గుచ్చుకుంది. ఇంకా కొట్టాను. ఆ గుంపులో అందరికంటే ఎక్కువ కొట్టింది నేనే. ఇది నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ లెక్క చూడలేదు.

"సస్తడు, ఇడువు బై!" అని కాటారం మనిషి నా మెడ పట్టి లాగాడు. అప్పుడే గేటు ముందు ఒక తెల్ల కారు ఆగింది. వచ్చింది కంపెనీ పెద్దలే. డ్రైవరు లోపలికి ఒక్క చూపు చూసి వెనక్కి తిప్పాడు. వెనక అద్దం మీద ఇటుక పడింది. కాసేపటికి పోలీసులు వచ్చారు. లాఠీలకు టోకెన్ ఉన్నవాడూ లేనివాడూ అన్న తేడా లేదు. నా వీపు మీద నాలుగు పడ్డాయి. నేనూ కాటారం మనిషీ గూడూరు అన్నను చెరో పక్క పట్టుకుని, గోడ విరిగిన సందులోంచి బయటపడి ఆటో ఎక్కించాం.

దవాఖానలో కట్టు కట్టి, నొప్పికి సూది వేసి పడుకోబెట్టారు. ఆయన భార్య గూడూరు నుంచి బస్సులు మారి వచ్చేసరికి పొద్దు వాలింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. పాసైన సంతోషంలో తింటాడని పొద్దున్నే వండి పెట్టిందట. ఆమె మంచం దగ్గర ఏడవలేదు. చెయ్యి చూసింది, మా ఇద్దర్నీ చూసింది.

"గీయన స్విచ్ బంద్ చెయ్యకుంట చెయ్యి పెట్టే మనిషి కాదు. ఏమైంది?"

"పరీక్ష సారు సరిగ్గ చెప్పలే అక్కా," అన్నాడు కాటారం మనిషి.

"నేను చెప్పిన," అన్నాను. "కాయితంల గిట్ల రాసుందని నేనే చెప్పిన. నాకు ఇంగ్లీషు రాదు."

"ఇప్పుడు గూడ మజాకేనా?" అన్నాడు కాటారం మనిషి విసుక్కుంటూ.

"మజాక్ కాదు."

అతను నా చొక్కా పట్టుకున్నాడు. తర్వాత గోడకు అదిమిపెట్టి కొట్టాడు. పొద్దుటి మోచేయి పొరపాటున తగిలింది, ఇది గురి చూసి వచ్చింది. సారు కార్చిన నెత్తురూ నా నెత్తురూ ఒకే చొక్కా మీద కలిశాయి. ఆమె టిఫిన్ డబ్బాతో నా తల మీద రెండుసార్లు వేసింది. మూత ఊడి, కూర నా చెవి మీదుగా కారింది. వాళ్ల భాషలో తిట్టిన తిట్లు అర్థం కాలేదు గానీ అన్నీ తగిలాయి.

"ఇడువుండ్రి ఇగ," అన్నాడు మంచం మీద మనిషి. సూది మత్తులో మాట ముద్దగా వస్తోంది. "తమ్ముడు చెప్పకున్న నేను గట్లనే చేస్తుంటి. గిన్నేండ్లు గట్లనే చేసిన."

నిజమే కావచ్చు. కానీ ఆ మాట కంటే టిఫిన్ డబ్బానే నాకు నయమనిపించింది.

డాక్టరు వచ్చి కట్టు విప్పి చూశాడు. చూపుడు వేలు, మధ్య వేలు బతకవన్నాడు. రేపు పొద్దున్నే తీసేయాలన్నాడు. ఆమె మంచం పట్టీ పట్టుకుని కింద కూర్చుంది. గూడూరు అన్న మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"సారూ, వీసాకు వేలిముద్రలు పది అడుగుతరంట. ఎనిమిదుంటే నడుస్తదా?"

"వీసా సంగతి నాకేం తెలుస్తది పెద్దమనిషీ? నాకు తెలిసింది గాయం," అని డాక్టరు వెళ్లిపోయాడు.

ఆయన నా వైపు తిరిగాడు. నలభై నిండేది వచ్చే నెలలో. ఇంకా ఇరవై రోజులున్నాయి, ఆయన లెక్క అదే.

"తమ్మీ, ఏజెంటుతోటి నీకు దోస్తానా ఉంది గద. నువ్వు చెప్పు. నడుస్తదా?"

రెండు వేళ్ల బరువు తగ్గింది కాబట్టి విమానం ఖర్చు కూడా తగ్గుతుందని ఒక జోకు నాలుక చివరి దాకా వచ్చింది. నా నాలుక ఎలాంటిదో అప్పుడు చూశాను. ఆ జోకు మింగేసి, పగిలిన పెదవితో "తెల్వదన్నా," అన్నాను.

కింద కూర్చున్న ఆమె తలెత్తింది.

"గా ఒక్క ముక్క పొద్దుగాల అంటే నీ నోరు పడిపోతుండెనా?"