మంచులో ఉక్కపోత

మొన్న శనివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా షెఫీల్డ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో యూనివర్సిటీ పిల్లలు నలుగురు తెల్లటి కొండదారి మీద నిలబడి తీసుకున్న ఫోటో కనబడింది. నవంబరులో పడిన తొలిమంచు, కాళ్ళకు గుడ్డ బూట్లు, మొహాల నిండా నవ్వులు. అందరూ బొటనవేళ్ళూ పువ్వులూ పెడుతున్నారు గానీ, నేను మాత్రం కప్పు పక్కన పెట్టేసి ఆ గుడ్డ బూట్లనే పెద్దవి చేసి చూశాను.

పదిహేనేళ్ళ కిందట మేమూ అచ్చం అలాగే వెళ్ళాం. అప్పటికి ఈ ఊరొచ్చి రెండేళ్ళు. ఆసుపత్రిలో నాకు డ్యూటీ లేని రోజు, మావారి సెలవు కలిసిన ఒక ఆదివారం, ఆఫీసులో ఎవరో చెప్పారని ఆయన నన్ను కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్‌కు బయల్దేరదీశారు. మావారు నెమ్మదస్తులు, అత్తవారింట్లో బనీనుతో కనబడడానికి కూడా మొహమాటపడే మనిషి. డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ, కాళ్ళకు జాగింగ్ బూట్లు ఉంటే కొండెక్కడానికి ఇంకేం కావాలనుకున్నాం. కింద గడ్డి పచ్చగానే ఉంది. గంట నడిచాక దారి గాజులా మెరవడం మొదలైంది. చిన్న వాగు దాటుతుంటే ఆయన కాలికింద మంచుపలక పగిలి, నడుందాకా నీళ్ళలో దిగబడ్డారు. వెనక్కి పోదామండీ అంటే, "ఇంతదూరం వచ్చి ఇప్పుడేంటి, నడిస్తే అదే ఆరిపోతుంది" అని ముందుకే నడిచారు. నేనూ గట్టిగా చెప్పలేదు. పైనుంచి సరస్సు కనబడుతుందని నాకూ ఆశే.

అరగంటపాటు గడగడా వణికిన మనిషి ఉన్నట్టుండి వణకడం మానేస్తే, పోనీలే వేడెక్కారనుకున్నాను. తర్వాత ఒక రాయి మీద కూలబడి, జాకెట్ విప్పి పక్కన పడేశారు. చొక్కా బొత్తాలు విప్పుకుంటూ నావైపు చూసి, "అక్కా, ఏంటీ ఉక్కపోత? ఆ ఫ్యాను కాస్త వెయ్యవే" అన్నారు.

నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. ఆయనది వేళాకోళం కాదు. ఒళ్ళు మరీ చల్లబడిపోతే వణుకు ఆగిపోయి, మతి తప్పి, ఉక్కపోస్తున్నట్టు అనిపిస్తుందని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆయన్ని పెంచిన అక్కగారు పోయి అప్పటికే నాలుగేళ్ళు. ఆ గాలిలో చొక్కా లేకుండా కూర్చుని నా మొహంలోకే చూస్తున్నారు గానీ, ఆ చూపులో నేను లేను. 

భర్తతో కలిసి వెనక ఎక్కివస్తున్న ఒక తెల్లావిడ, అరవై దాటిన మనిషి, మమ్మల్ని చూసి పరుగున వచ్చింది. భర్తను సాయం కోసం కిందికి తరిమి, తన సంచిలోంచి మనుషులు పట్టేంత పెద్ద ప్లాస్టిక్ గోతం తీసి, మావారి తడిబట్టలు లాగేసి, తన పొడి స్వెట్టరు తొడిగి, ఆయన్ని అందులోకి తోసి, ఒంటివేడి తగలాలని తానూ దూరింది. పరాయి ఆడమనిషి నా కళ్ళెదుటే నా మొగుణ్ణి గట్టిగా వాటేసుకుంటే నేను కొయ్యబారి చూస్తున్నాను. "గెట్ ఇన్, లవ్! అదర్ సైడ్!" అని ఆవిడ కసిరింది. రెండోవైపు దూరాను. "టాక్ టు హిమ్. డోంట్ లెట్ హిమ్ స్లీప్" అంది.

ఏవండీ అని ఎన్నిసార్లు పిలిచినా ఆయన పలకలేదు. చివరికి తెగించి, అక్కగారిలాగే, "ఒరేయ్, నిద్రపోకురా, అన్నం తిని పడుకుందువుగాని" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని ఒరేయ్ అన్నది అదే మొదలు.

"సరేనే అక్కా" అన్నారు.

కొండల్లో చిక్కుకున్నవాళ్ళను కాపాడే దళం వాళ్ళు స్ట్రెచరుతో వచ్చేదాకా రెండు గంటలపాటు ఆయనకు అక్కనై మాట్లాడుతూనే ఉన్నాను. మర్నాడు ఆసుపత్రిలో కళ్ళు తెరిచి, నన్ను పేరుపెట్టి పిలిచి, తిన్నావా అని అడిగారు. కొండ మీద జరిగిందేదీ ఆయనకు గుర్తులేదు.

ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇద్దరం కాలువగట్టు దాటి నడవడం లేదు. ఎవరైనా కొండల మాటెత్తితే, "ఒకసారి వెళ్ళాం, వాగులో పడి తడిసిపోయాను, పైదాకా పోలేదు" అని ఆయన రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మొదట్లో నేను పూర్తిగా చెప్పబోయేదాన్ని. ఆయన ఎవరో వేరే మనిషి సంగతి విన్నట్టు ఇబ్బందిగా నవ్వేవారు. క్రమంగా చెప్పడం మానేశాను. ఎప్పుడైనా ఆయన, అక్క గొంతు మరొక్కసారి వింటే బాగుండునే అంటే మాత్రం, తల పక్కకు తిప్పుకుంటాను.