నీళ్ళ కుండ మోసిన స్వెట్టర్

రాయచూరు ఎండల్లో కూర్చుని స్వెట్టర్ అల్లుతున్న నన్ను చూసి మా ఆయన, "నీకు తిన్నది అరక్క" అనేవారు. ఆయన మాట పట్టించుకునే రకాన్ని కాను నేను. పైగా తప్పంతా ఆయనదే.

తుంగభద్ర కాలవ వచ్చిందని, సముద్రపు ఒడ్డున ఉన్న కాస్త పొలం అమ్ముకుని సిరవార దగ్గర వలస రైతుల క్యాంపులో కాపురం పెట్టినవాళ్ళం మేం. బయల్దేరిన రోజు మా పెద్దన్నయ్య సాగనంపడానికి కూడా రాలేదు. కొబ్బరితోటలో కూర్చుని మొండిగా తాడు పేనుకున్నాడు. ఆ తర్వాత మా ఆయన ఒకసారి ఊరెళ్ళి, ధనుర్మాసంలో మా కాలవగట్టు మీద చలికి పళ్ళు టకటకలాడతాయని గొప్పలు పోయి వచ్చారు. దాంతో మా ఊరివాళ్ళ లెక్కలో రాయచూరు వెళ్ళి హిమాలయాల పక్కన కూర్చుంది. అన్నయ్యకి సాకు దొరికింది. ఎప్పుడు రమ్మన్నా, "మీ చలికి నా ఆయాసం ఆగదమ్మాయ్" అనేవాడు.

అమ్మానాన్నా పోయాక నన్ను పెంచి పెళ్ళి చేసింది అన్నయ్యే. అన్నయ్య మా గడప తొక్కాలి, నాకు కావలసింది అదొక్కటే. చలే సాకైతే ఆ సాకుకే స్వెట్టర్ తొడిగేద్దామనుకున్నాను. రాయచూరు రైల్వే క్వార్టర్లలో ఉండే ఒకావిడ దగ్గర అల్లిక నేర్చుకున్నాను. బజారులో అంత ఉన్ని ఒకే రంగులో దొరికింది. కనకాంబరం రంగు. ఏం చేస్తాం, అదే కొన్నాను.

ఇక కొలత. అన్నయ్య మంచి పుష్టిగల మనిషి. నా జ్ఞాపకంలో ఆ ఛాతీ, ఆ పొట్ట కలిపి సరిగ్గా మా ఇంట్లో బియ్యం బస్తా అంత. అంచేత ఓ నాలుగు వేళ్ళు అల్లడం, బస్తాకి తొడిగి చూసుకోవడం. మా పొలంలో పనిచేసే ఆమె, అక్కడి ఊరి మనిషే, వాకిట్లో నిలబడి ఈ వైభవమంతా చూసేది.

"ఏందమ్మ గిది? గీ ఎండల ఉన్ని అల్లుతున్నవ్, గొర్రెకు మళ్ళ తొడుగుతవా?"

"మా అన్నయ్యకి."

"హౌదా? మరి బస్తాకెందుకు తొడిగినవ్?"

"రెండూ ఒకటే సైజు."

ఆమె నన్నూ బస్తానీ మార్చి మార్చి చూసి, బరాబర్ ఉందని ఒప్పుకుని వెళ్ళిపోయింది.

వేసవిలో కోతలయ్యాక, స్వెట్టర్‌కి చేతులు ఇంకా అల్లాల్సి ఉండగానే ఊరికి బయల్దేరాను. గుంతకల్లులో బండి మారి, దారి పొడుగునా అల్లుతూనే కూర్చున్నాను. పెట్టెలో అందరూ చెమటలు కక్కుతూ నా ఒళ్ళోని ఉన్నిని చూసి దూరం జరిగారు. హాయిగా కాళ్ళు చాపుకున్నాను.

ఊళ్ళో బస్సు దిగి ఇంటికెళ్తే, అన్నయ్య అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఉప్పుగాలికి ఒళ్ళంతా జిడ్డు కారే కాలం అది.

"ఈ ఎండలో దుప్పటేంటన్నయ్యా?"

"నిన్ను చూడగానే మీ ఊరి చలి గుర్తొచ్చిందే" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ముఖం కొంచెం పీక్కుపోయినట్టు అనిపించింది గానీ ఎండ దెబ్బ అనుకున్నాను. వదిన మాత్రం నవ్వలేదు.

స్వెట్టర్ చేతికిచ్చాను. అన్నయ్య అటూ ఇటూ తిప్పాడు, లోపలికి తొంగి చూశాడు, గోటితో ఒక పోగు లాగాడు.

"ముళ్ళేవే దీనికి?"

"దీనికి ముళ్ళుండవన్నయ్యా. పోగులో పోగు దూరుస్తూ పోవడమే."

"ముడి లేని అల్లిక మన ఇంట్లో ఎవరన్నా అల్లారటే? ఒక్క పోగు తెగితే రైల్లో నా పరువేం కాను?"

మా ఇంట్లో ఒక పద్ధతుంది. అన్నయ్య కొబ్బరితాడుతో ఉట్లు అల్లేవాడు, ఎడ్ల మూతులకి చిక్కాలు అల్లేవాడు. ఏది అల్లినా దూలానికి కట్టి, నిండు నీళ్ళ కుండ వేలాడదీసి, ఒక పూట ఆగితేనే వాడకానికి దించేది. ఉన్నిబట్టకి కూడా అదే న్యాయం అన్నాడు.

"ఇది కుండ మోస్తే నేను రాయచూరు వస్తాను. మాటంటే మాటే."

స్వెట్టర్ చేతుల్లోంచి వెదురుగెడ దూర్చి దూలానికి కట్టించాడు. అడుగు అంచుకి తాళ్ళు కట్టి, వదిన చేత నిండు కుండ తెప్పించి వేలాడదీశాడు. నా అల్లిక నా కళ్ళముందే నేలకి దిగిపోసాగింది. వీధిలో వాళ్ళు చూడ్డానికొచ్చి, స్వెట్టర్ అంటే నీళ్ళు చల్లబెట్టుకునేది కాబోలనుకున్నారు.

"దించన్నయ్యా! బరువు పడితే అల్లిక పొడుగు సాగి వెడల్పు తగ్గిపోతుంది. నీకు ఇరుకైపోతుంది!"

"ఊపిరి బిగబట్టి తొడుక్కుంటాలే" అన్నాడు దుప్పటిలోంచి.

సాయంత్రానికి కుండ దించారు. చుక్క నీళ్ళు తొణకలేదు. అన్నయ్య ముఖం వెలిగిపోయింది. తొడిగి చూడమంటే మాత్రం, "రాయచూర్లోనే తొడుక్కుంటా, ఇక్కడెందుకు" అని మడత పెట్టించి పెట్టెలో దాచేశాడు.

అన్నమాట ప్రకారం ధనుర్మాసంలో వదినను వెంటబెట్టుకుని వచ్చాడు. రాయచూరు స్టేషన్లో తెల్లారిన కాసేపటికి బండి ఆగింది. కనకాంబరం రంగు ముందు దిగింది, వెనక అన్నయ్య దిగాడు. స్వెట్టర్ మోకాళ్ళ దాకా ఉంది. మా ఆయన నవ్వాపుకోలేక పెట్టె అందుకునే మిషతో అటు తిరిగారు. అన్నయ్య వచ్చాడన్న సంతోషంలో నేను ఇంకేమీ చూడలేదు. జట్కావాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

క్యాంపు చేరి అన్నయ్య మా గడప తొక్కాడు. లోపలికొచ్చి, బియ్యం బస్తా పక్కన నిలబడి ఇల్లంతా కలయజూశాడు. పొలంలో పనిచేసే ఆమె వాకిట్లోంచి చూస్తూ ఉంది.

"అమ్మ, బస్తాకు బిర్రుగ పట్టుండె గద. గీ అయ్యకు ఏంది గింత వదులుంది?"

అప్పుడు చూశాను. భుజాల దగ్గర జారుతోంది. ఛాతీ మీద ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. వేసవిలో ఆ దుప్పటి ఎందుకు కప్పుకున్నాడో, వదిన ఎందుకు నవ్వలేదో తెలిసింది.

అన్నయ్య స్వెట్టర్ని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు.

"కుండ సాగదీసిందే అమ్మాయ్" అన్నాడు.

"అవునన్నయ్యా" అన్నాను. "కుండే."

వదిన ముఖం అటు తిప్పుకుంది. నేను బస్తా మూతి విప్పి, చాటలోకి రోజూ పోసే దానికంటే ఎక్కువ బియ్యం పోసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాను.