శోభకు వచ్చింది సిగం కాదు

సినిమా హాల్లో శోభకు ఎల్లమ్మ పూని సిగం వచ్చిందని శంషాబాద్‌లో ఆ గల్లీ మొత్తం చెప్పుకుంటోంది. పాలప్యాకెట్ల కొట్టు దగ్గర ఒకామె, శోభ జుట్టు విరబోసుకుని తెర మీదికి ఉరికిందని కూడా కలిపింది. అదంతా అబద్ధం. జుట్టు ముడి ముడిలాగే ఉంది. పక్క సీట్లో కూర్చున్న రేణుకమ్మ కళ్లారా చూసింది. సిగం పుకారు పుట్టించిందీ రేణుకమ్మే.

రేణుకమ్మ ఇంటి మేడ మీద కిరాయికుండే శోభది మహేశ్వరం దగ్గర పల్లె. టీవీ బొమ్మల కథలో మబ్బు అనే రెక్కల గుర్రప్పిల్లకు తొమ్మిదేళ్లుగా తెలుగు గొంతు ఆమెదే. మబ్బు ఆపదలో పడితే తల్లి కోసం ఒక కేక పెడుతుంది. చిన్నప్పుడు తండ్రి బాలమల్లు జొన్నచేన్లో మంచె ఎక్కించి పిట్టల్ని తోలమంటే శోభ పెట్టిన కేక అది. స్కూలు బస్సు దిగే పిల్లలు ఇప్పటికీ అదే కేక పెట్టుకుంటూ ఇళ్లకు పోతారు. రేణుకమ్మ పగటి నిద్ర రోజూ దానితోనే చెడుతుంది.

ఆ కథనే ఇప్పుడు మనుషులతో, కంప్యూటర్‌లో చేసిన గుర్రంతో సినిమా తీశారు. శోభను పిలవలేదు. విడుదలకు వారం ముందు పిల్లలకు వేసే ఆటకు స్టూడియో మేనేజర్ వీరేందర్ రెండు పాసులు మాత్రం ఇచ్చాడు.

"సినిమాకు పేరున్నోళ్ల గొంతు కావాలన్నరు. టీవీది నీదే. సోమవారం రికార్డింగుకు రా," అన్నాడు.

కాటేదాన్‌లో వర్క్‌షాపు మూతపడి భర్త జగదీశ్ ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు నడవాలంటే ఆ సోమవారమే దిక్కు.

శనివారం ఉదయం హాలు గేటు దగ్గర రేణుకమ్మ సంచిలోని మక్క గ్యారెలు పక్కన పెట్టించారు. "పోయేటప్పుడు ఒక్కటి తక్కువున్నా ఊకోను బిడ్డా," అని కాపలా పిల్లకు చెప్పి లోపలికి నడిచింది.

సినిమా సగంలో గుర్రప్పిల్ల కొండ అంచు నుంచి జారింది. పిల్లలంతా కేక కోసం ఊపిరి బిగపట్టారు. తెర మీది గుర్రం నోరు తెరిచి, విమానం దిగుతున్నట్టు గర్జించింది.

"గిది మబ్బు కాదు డాడీ. మబ్బు ఏది?" అని ముందు వరుసలో ఒక పాప ఏడుపందుకుంది.

శోభ లేచి నిలబడి ఆ కేక పెట్టింది. పిల్లలు తెర వదిలి వెనక్కి తిరిగారు. పాప ఏడుపు ఆగింది. ఆట దగ్గరుండి చూసుకుంటున్న వీరేందర్ టార్చిలైటు వేసుకుని మెట్లెక్కి వస్తుంటే రేణుకమ్మకు సోమవారం గుర్తొచ్చింది. శోభను గుంజి కూర్చోబెట్టి, నెత్తిన కొంగు కప్పింది.

"సిగమొచ్చింది సారూ. ఎల్లమ్మతల్లి. జర పసుపునీళ్లు తెప్పియ్యి."

వీరేందర్ చెప్పులు విడిచి దండం పెట్టాడు. గండం గడిచిందనుకుంది రేణుకమ్మ. ఆయన చెవిన ఇంకో మాట పడకూడదని గల్లీలోనూ అదే చెప్పింది.

ఆదివారం సాయంత్రం వీరేందర్ ఫోన్ చేశాడు. అమ్మవారు తిరిగే మనిషిని గదిలో పెట్టి మైకు ముందు నిలబెట్టడానికి తనకు భయమనీ, వేరే అమ్మాయిని పిలిచాననీ చెప్పాడు. శోభ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. లోపల జగదీశ్ టీవీ ఆపేశాడు.

సంగతి విన్న రేణుకమ్మ తినే ముద్ద కంచంలోనే వదిలేసింది. మెట్లెక్కి శోభ పక్కన కూర్చుంది.

"నా నోటికి తాళమెయ్య. అంత నేనే జేసిన బిడ్డా."

"నా మంచికే అన్నవు గద పెద్దమ్మా."

"ఇప్పుడే ఆయనకు ఫోన్ జేస్త. మొక్కు చెల్లించినం, ఇగ రాదు అంట. కాదంటవా, పోరి ఏడుపు ఇని నీకు తెల్వకుంటనే నోట్లకెళ్లి ఎల్లిందంట. ఏది జెప్పమంటే అది జెప్త. నాకైతే నిజం జెప్పు. తెలిసి మొత్తుకున్నవా, తెల్వక మొత్తుకున్నవా?"

శోభ చేతిలోని ఫోన్ ఆమె ఒళ్లో పెట్టింది.

"తెలిసే మొత్తుకున్న. సినిమా షురువైన కాడికెళ్లి ఆపుకుంటనే ఉన్న. సిగమంటే ఆ గొంతు ఎల్లమ్మది అయితది పెద్దమ్మా. అది నాది. ఫోన్ జేసి గదే చెప్పు."